విద్యార్థి సేనతో నా యూరప్ దండయాత్ర

జర్మనీలో కొలోన్ అనే ఊళ్ళో ఒక పెద్ద చర్చి ఉంది. కింద నిలబడి దాని శిఖరం చూడబోతే మెడ పట్టేస్తుంది. డెబ్భై నాలుగో ఏట, కాలేజీ విద్యార్థిగా, ఎక్కడా ఆగకుండా, ఇరవై ఏళ్ళ కుర్రకారుని వెనక్కి నెట్టి ఆ శిఖరం ఎక్కిన తెలుగువాడు భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటాడు. మొన్న వేసవిలో యూరప్‌ని జయించి వచ్చి, ప్రస్తుతం బేస్‌మెంట్‌లో కూర్చుని మీకోసం ఇది రాస్తున్నాడు.

యూరప్ చూడనివాళ్ళ కోసమే రాస్తున్నాను. చూసినవాళ్ళు దయచేసి పేజీ తిప్పేయండి. చూసినవాళ్ళతో నాకెప్పుడూ పడదు, మాట మాటకీ అడ్డం వస్తారు.

కార్డు మీద ఫోటో

విద్యార్థిగా అన్నాను కదా, అక్కడొక చిన్న సవరణ. కాలేజీ కార్డు మీద ఉన్న ఫోటో నాది కాదు, మా ఆవిడ రాజ్యలక్ష్మిది. నేను కార్ల కంపెనీలో బ్రేకులు డిజైన్ చేసి చేసి రిటైరయ్యాక గోల్ఫ్ నేర్చుకుంటానని వెళ్ళి పచ్చగడ్డిని గాయపరిచి వస్తుంటే, బ్యాంకు ఉద్యోగం మానేసిన రాజ్యం మా దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో చేరింది. టర్ముకొక క్లాసు చొప్పున చరిత్ర అయింది, మొక్కల శాస్త్రం అయింది, చిత్రకళ దగ్గరికి వచ్చేసరికి డిగ్రీకి ఇక ఒక్క క్లాసే మిగిలింది. ఆ క్లాసే ఈ యూరప్ ప్రయాణం. ఆమ్‌స్టర్‌డామ్, కొలోన్, పారిస్, ఫ్లోరెన్స్. ఊరికి ఒకటి రెండు రోజులు, కళ్ళు మూసి తెరిచేలోగా ఇంకో దేశం. విద్యార్థితో బాటు ఇంట్లోవాళ్ళొకరు డబ్బు కట్టి రావచ్చు. ఆ పదవి పేరు కంపానియన్. నేను ఆ పదవిలో దండెత్తాను.

క్లాసులో ఒక మెలిక ఉంది. ప్రతి విద్యార్థీ దారిలో ఏదో ఒక చిత్రాన్ని ఎంచుకుని, దాని ముందు నిలబడి, చేతిలో కాగితం లేకుండా, అందరికీ వినబడేలా పది నిమిషాలు మాట్లాడాలి. మాట్లాడకపోతే క్లాసు పాస్ కాదు. రాజ్యం పరీక్ష రాస్తే ఎప్పుడూ మొదటి గ్రేడే. కానీ నోరు తెరిచి పదిమందిలో ఇంగ్లీషు మాట్లాడాల్సిన క్లాసు అని తెలిస్తే మొదటి వారంలోనే డ్రాప్ చేసేసేది. అన్నేళ్ళు బ్యాంకు కౌంటర్లో ఎలా మాట్లాడావే అని అడిగితే, అక్కడ ఎదురుగా ఉండేది ఒక్కరే, మధ్యన అద్దం కూడా ఉంటుంది అనేది. ఈసారి డ్రాప్ చేస్తే డిగ్రీ లేదు. ఆమె ఎంచుకున్న చిత్రం చిట్టచివరి మజిలీ ఫ్లోరెన్స్‌లో ఉంది. కాబట్టి మా అందరికీ యూరప్ నాలుగు ఊళ్ళయితే, ఆమెకి మాత్రం ఆ గోడ దగ్గరికి వెళ్ళే ఒక పొడుగాటి వసారా.

భయపడకు, నేనున్నానుగా అన్నాను. విమానంలోనే కూర్చుని ఆమె ఉపన్యాసం మొత్తం నేను రాసిపెట్టాను. పక్కనే నిలబడి మాట మాటా అందిస్తానని కూడా చెప్పాను. రాజ్యం కిటికీలోంచి మబ్బుల వైపు చూసింది. నేను దాన్ని అంగీకారం కింద రాసుకున్నాను.

ఆమ్‌స్టర్‌డామ్

మా డెట్రాయిట్ వైపు కారు లేనివాడు కాళ్ళు లేనివాడితో సమానం. ఇక్కడ కారున్నవాడి మీద జాలి పడతారు. ముసలమ్మలు, కోటు వేసుకున్న ఆఫీసర్లు, ముందు తొట్టెలో పసిపిల్లల్ని కూర్చోబెట్టుకున్న తల్లులు, అందరూ సైకిళ్ళే. ఎర్రరాళ్ళు పరిచిన దారి బావుందని దాని మధ్యలో నిలబడి కాలవ ఫోటో తీయబోయాను. అది సైకిళ్ళ దారట. నా వెనక గంటల జాతర మొదలైంది. డచ్చి భాషలో ఎన్ని తిట్లున్నాయో ఆ ఒక్క ఫోటోతో తెలిసిపోయింది. ఫోటోలో మాత్రం నా బొటనవేలు పడింది.

మధ్యాహ్నం క్లాసు పిల్లలు ఫ్రెంచ్ ఫ్రైస్ మీద మయొనైజ్ కుమ్మరించుకుని తింటుంటే చూడలేక, మేమిద్దరం, మాతో నిత్య, రొట్టెల కొట్టు ఒకటి వెతుక్కున్నాం. నిత్య క్లాసులో ఉన్న ఒకే ఒక్క తెలుగుపిల్ల. మిషిగన్‌లోనే పుట్టింది. మమ్మల్ని అంకుల్, ఆంటీ అంటుంది. ఆ కొట్టు నడిపే ఆవిడది మా వయసే. ఆవిడ ముత్తాతల్ని మన దేశం నుంచి ఓడలెక్కించి, దక్షిణ అమెరికాలో సురినామ్ అనేచోట చెరుకు తోటల్లో పనికి దింపారట. అక్కడినుంచి ఈవిడ హాలండ్ వచ్చింది. రొట్టె పొరల మధ్య పప్పుపొడి, పక్కన అలసంద కాయలు, బంగాళాదుంప కూర, ఉడికించిన గుడ్డు. పన్నెండు యూరోలు. మాకు డబ్బు సంగతి గుర్తు రాలేదు, అలసంద కాయలే గుర్తున్నాయి.

ఆవిడ రాజ్యం వైపు తిరిగి, మీవాళ్ళు ఏ ఓడలో వచ్చారు అని అడిగింది. ఓడ కాదు, విమానం అని నేను చెప్పాను. పిల్లలెంతమంది అంది. ఇద్దరు అన్నాను. కారం సరిపోయిందా అంది. సరిపోయింది అన్నాను. అప్పుడావిడ కారం సీసా నా ముందునుంచి తీసి రాజ్యం ముందు పెట్టి, కుర్చీ లాక్కుని నాకు వీపు పెట్టి కూర్చుని, ఆ మూడు ప్రశ్నలూ మళ్ళీ మొదటినుంచి అడిగింది. రాజ్యం వాటికి జవాబు చెప్పడానికి అరగంట పట్టింది. మా ఇద్దరు పిల్లల గురించి అంత సమాచారం ఉందని నాకే తెలీదు. కారం మాత్రం సరిపోలేదట.

తిరిగి నడుస్తుంటే నిత్య అంది: "అంకుల్, ఆంటీని క్వశ్చన్ అడిగితే మీరు ఆన్సర్ చేస్తారు. ఎవ్రీ టైమ్. ఆంటీకి మీరు ఫోన్‌లో ఆటోఫిల్ లాగా."

దాదాపు యాభై ఏళ్ళ కాపురంలో ఏ మాట ఎవరిదో ఎవరికి తెలుస్తుందమ్మా అన్నాను.

"నాకు తెలుసు," అంది రాజ్యం.

కొలోన్

ఇక శిఖరం సంగతి. మెట్లు గుండ్రంగా, ఇరుకుగా, ఒకరు ఎక్కుతుంటే ఒకరు దిగాలంటే ఇద్దరూ ఊపిరి బిగించాలి. నేను అందరికన్నా ముందు బయల్దేరిన మాట నిజం. మొదటి పాతిక మెట్లలో కుర్రకారుని వెనక్కి నెట్టిన మాట కూడా నిజమే, నన్ను దాటిపోయే దారి లేదు కాబట్టి. తర్వాత ఒక్కొక్కళ్ళకీ పక్కకి తప్పుకుని, ప్రోత్సాహకరంగా భుజం తట్టి పంపుతూ పోయాను. సగం పైన గంటలు వేలాడదీసిన గది వస్తుంది. నా దండయాత్ర అక్కడ ముగిసింది. రాజ్యం, నిత్య పైకి వెళ్ళారు. నేను మెట్టు మీద కూలబడ్డాను.

పక్కన ఇంకో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. జర్మన్. ఆయనా రిటైరైన ఇంజనీరే, గేర్ల మనిషి. నేను బ్రేకులు. ఇద్దరం చేతులతోనే ఒక పూర్తి కారు తయారు చేశాం. ఏటా మనవల్ని తీసుకొస్తాడట, ఏటా ఇక్కడే ఆగిపోతాడట, కింద ఇంట్లోవాళ్ళకి మాత్రం పైదాకా వెళ్ళొచ్చానని చెప్తాడట. ఎవరి రహస్యం ఎవరమూ బయటపెట్టకూడదని చెయ్యి చెయ్యి కలుపుకుంటుండగా గంట మోగింది. ఆ గది గోడలతో సహా నా కట్టుడు పళ్ళు ఊగాయి. సాయంత్రందాకా అందరూ నా ముందు ఊరికే పెదాలు కదుపుతున్నారనే అనుకున్నాను.

కిందికి వచ్చాక ప్రొఫెసర్ మార్గరెట్ గారు, చిత్రకళ చెప్పే మా సేనాధిపతి, రైన్ నది పైనుంచి ఎలా ఉందని అడిగారు. అద్భుతం అన్నాను. ఇప్పుడు ఒప్పందం మీరి మీకు చెప్పేశాను. ఆ జర్మన్ పెద్దాయన తెలుగు చదవడనే ధైర్యం.

జర్మనీ గురించి ఇంకో రెండు ముక్కలు. మూత్రశాలకి వెళ్ళడానికి డబ్బు అడుగుతారు, హోటల్లో మంచినీళ్ళకీ డబ్బు అడుగుతారు. మొదటిది ఇచ్చుకోలేనివాడు రెండోది తాగకూడదు. ఆ నీళ్ళు కూడా సోడా. మామూలు నీళ్ళు కావాలంటే ప్రత్యేకంగా చెప్పాలి, చెప్తే వింతగా చూస్తారు.

పారిస్

పారిస్‌లో అందరూ చూసేవన్నీ చూశాం, మెడ ఒకవైపు తిప్పి కొన్ని, బస్సు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కొన్ని. రాయదగింది ఒక్కటే, బ్రెడ్డు కొట్టు. నేను లోపలికి వెళ్ళి నాకు కావలసింది వేలితో చూపించి, ఎంత అని అడిగాను. కౌంటర్లో అమ్మాయి నన్ను గాజుపలకలోంచి అవతలికి చూసినట్టు చూసింది. గొంతు పెంచి మళ్ళీ అడిగాను. ఈసారి నా వెనకవాళ్ళని పలకరించింది. మన అమెరికాలో కొట్టువాళ్ళే ముందు హౌ ఆర్ యూ అంటారు, జవాబు కోసం ఎవరూ ఆగరు. ఇక్కడ మనం ముందు నమస్కారం పెట్టేవరకూ మనం లోపలికి వచ్చినట్టే లెక్క కాదు. రాజ్యం నన్ను మెల్లగా పక్కకి జరిపి, బోన్‌జూర్ మదామ్ అని, ఇంకేదో అని, ఇంకేదో విని నవ్వి, వేడి వేడి బ్రెడ్డు సంచిలో పెట్టుకుని బయటికి వచ్చింది. ఫ్రెంచి ఎప్పుడు నేర్చుకున్నావంటే, మీరు గోల్ఫుకి వెళ్ళినప్పుడు అంది.

ఇటలీ వైపు రైల్లో ఆమె కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని బిగించి పట్టుకుంది. ఇదే అదను అని నా ఉపన్యాసం తీసి ఇచ్చాను. రెండు పేజీలు చదివి మడిచి తిరిగి ఇచ్చేసింది.

"ఇందులో బ్రేకులున్నాయండీ," అంది.

ఉన్నాయి. ఆ చిత్రంలో గీతలన్నీ ఒక బిందువు దగ్గరికి చేరడం, నాలుగు చక్రాల బలం ఒకచోట సర్దుకోవడం లాంటిదని రాశాను. నాకిప్పటికీ అది మంచి పోలికే అనిపిస్తుంది.

ఫ్లోరెన్స్

ఆమె చిత్రం ఒక పాత మఠం భోజనశాల గోడ మీద ఉంది. ఏసుప్రభువు తన శిష్యులతో చేసిన చివరి భోజనం. ఆ గది పొద్దున పూటే తెరిచి ఉంటుంది. పిల్లలంతా దారిపొడుగునా ఒక్కొక్కరే మాట్లాడుతూ వచ్చారు, చివరి వంతు రాజ్యానిది. ఆమె మాట్లాడేలోపు తలుపులు మూసేస్తే మళ్ళీ అవకాశం లేదు. మర్నాడే విమానం.

తన వంతుకి ముందు కాస్త దణ్ణం పెట్టుకుని వస్తానంది రాజ్యం. ఏ దేవుడైనా దేవుడే. రెండు సందుల అవతల చిన్న చర్చి కనిపించింది. లోపల చల్లని రాతినేల, కొవ్వొత్తుల వెలుగు, ధూపం వాసన. చెప్పులతో లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు. గుమ్మం పక్కనే వెదురుబుట్ట, అందులో రెండు మూడు జతల బూట్లు. మనవాళ్ళలాగే చక్కగా ఏర్పాటు చేశారని మెచ్చుకుని, నా కొత్త బూట్లు కూడా అందులో పెట్టి మేజోళ్ళతో లోపలికి నడిచాను. భక్తితో అని రాయాలని ఉంది. అసలు సంగతి, రెండు మడమల మీదా బొబ్బలు. రాజ్యం బూట్లు విప్పలేదు. ఇక్కడ ఎవరూ విప్పలేదండీ, చూడండి అంది. నేను చూడలేదు.

బయటికి వచ్చేసరికి బుట్ట లేదు.

ఎదుట పూలమ్మే ఆవిడ సైగలతో చెప్పింది. బీదవాళ్ళకి ఇవ్వడానికి పాత బట్టలు, బూట్లు అందులో వేస్తారట. ఇప్పుడే బండి వచ్చి తీసుకుపోయిందట. నా బూట్లు తొడుక్కున్నట్టు నటించి, ఎంత మంచివో అన్నట్టు కళ్ళెగరేసి, నాకు దణ్ణం పెట్టింది. నా జీవితంలో చేసిన ఏకైక పాదరక్షల దానం అలా జరిగింది.

టైము దగ్గర పడుతోంది. అప్పుడు నేను ఒక నిర్ణయం తీసుకున్నాను. రాజ్యం, నా గురించి ఆలోచించకు, నీ చదువు ముఖ్యం, నువ్వు వెళ్ళు అన్నాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనక్కి చూస్తూ చూస్తూ వెళ్ళింది. నేను రాళ్ళ వీధి మీద మేజోళ్ళతో మిగిలిపోయాను.

ఫ్లోరెన్స్ రాళ్ళు అయిదు వందల ఏళ్ళనాటివంటారు. ఒక్కోటీ ఏ ఏటిదో నా పాదాలు చెప్పగలవు. చౌరస్తాలో బంగ్లాదేశ్ మనిషి ఒకడు గొడుగులూ స్కార్ఫులూ అమ్ముతున్నాడు. నేను హైదరాబాదులో చదువుకున్నప్పటి హిందీతో కథంతా చెప్పాను. చాచా, బూట్లు నా దగ్గర లేవు అంటూనే బండి కింద వెతికి ఒక జత రబ్బరు చెప్పులు తీశాడు. పది యూరోలు చెప్పి, నా మేజోళ్ళు చూసి అయిదుకి దిగాడు. నేను బేరం ఆడకుండా ధర తగ్గడం అదే మొదలు. మడమలు వెనక బయటికి వేలాడుతుండగా పరుగెత్తాను. పరుగంటే, నా పరుగు.

భోజనశాల తలుపు దగ్గర పిల్లల వీపులు గోడ కట్టాయి. వాటి అవతలినుంచి రాజ్యం గొంతు వినిపిస్తోంది. ఇంగ్లీషులోనే. కానీ నిదానంగా, మన వంటింట్లో మాట్లాడినట్టే.

ఆమె చెప్తున్నదిది. ఈ చిత్రంలో అందరూ బల్లకి ఒకే వైపున, మనకి ఎదురుగా కూర్చున్నారు. ఒక్క జూడాస్ మాత్రం ఇవతలి వైపు, విడిగా. ప్రభువుని పట్టించబోయేవాడు ఇతనే అని చూసేవాళ్ళకి వెంటనే తెలియడానికి చిత్రకారుడు అలా పెట్టాడని పుస్తకాలు చెప్తాయి. అయితే మా వైపు పెళ్ళిభోజనాల్లో కూడా అందరూ ఒకే వరుసలో కూర్చుంటారు. దాన్ని బంతి అంటాం. ఎదురుగా ఖాళీ వదులుతాం, అది వడ్డించేవాళ్ళు నడిచే దారి. ఈ గదిలో సన్యాసులు కూడా గోడవారగా అలాగే కూర్చుని తినేవారట. అందుకని నాకు ఈ బొమ్మలో మొదట ద్రోహం కనబడలేదు. ఒక మనిషిని వడ్డించే దారిలో కూర్చోబెట్టారే అనిపించింది.

ఆమె ఆగింది. ఆ ఆగడం నాకు బాగా తెలుసు. అక్కడే నేను ఎప్పుడూ మాట అందిస్తాను. నోరు తెరిచాను కూడా. వెనక వరసలో ఉన్న నిత్య తల తిప్పి నా చేతి మీద చెయ్యి వేసింది.

"అంకుల్, ప్లీజ్. ఆంటీ చెప్తుంది."

నోరు మూసుకున్నాను. ఆంటీ చెప్పింది. నా చిన్నప్పుడు కొందర్ని బంతికి దూరంగా, విడిగా కూర్చోబెట్టడం చూశాను. వాళ్ళు ఏ తప్పూ చెయ్యలేదు. కానీ విడిగా కూర్చున్నారు కాబట్టి తప్పు వాళ్ళదే అయి ఉంటుందని చిన్నపిల్లనైన నేను అనుకునేదాన్ని. ఈ చిత్రకారుడు కూడా మనల్ని అలాగే అనుకోమంటున్నాడు. బల్ల అవతల ఉన్నవాళ్ళు తెల్లవారేలోగా ప్రభువుని వదిలేసి పారిపోయేవాళ్ళే. వాళ్ళు మాత్రం బంతిలో హాయిగా ఉన్నారు.

తలుపులు మూయడానికి వచ్చిన మనిషి తాళాలు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మార్గరెట్ గారు అడిగారు, మీరైతే అతన్ని ఎక్కడ కూర్చోబెడతారని. రాజ్యం గోడవైపు తిరిగింది.

"అతన్ని అక్కడే ఉంచుతాను," అంది. "పక్కన ఇంకొకరిని కూర్చోబెడతాను. తినేటప్పుడు ఎవరూ ఒంటరిగా ఉండకూడదు."

చప్పట్లు ఆ రాతి కప్పు కింద ఎంతసేపు తిరిగాయో. మార్గరెట్ గారు వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు. నిత్య ఏడ్చింది. నేను ఏడవలేదని రాయాలనుకుని మానేశాను. కిందటి నెల రాజ్యానికి డిగ్రీ వచ్చింది. డెబ్భై ఒకటో ఏట, గౌను వేసుకుని, కుచ్చు టోపీ పెట్టుకుని వేదిక ఎక్కింది. యూరప్‌ని జయించింది మా ఇంట్లో మనిషే అన్న మాట మాత్రం పచ్చి నిజం.

ఆ రోజు అంత ధైర్యం ఆమెకి ఎక్కడినుంచి వచ్చిందో నేను చెప్పగలను. సరిగ్గా ఆమె ఆగిన ఆ క్షణంలో, పిల్లల భుజాల సందులోంచి మా ఇద్దరి కళ్ళూ కలుసుకున్నాయి. నేను తల ఊపాను. ఆమె గొంతు నిలదొక్కుకుంది.

ఇంతవరకూ రాసి, నిన్న సాయంత్రం రాజ్యానికి చదివి వినిపించాను. నవ్వాల్సినచోట నవ్వింది. అయిపోయాక కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"మీరు నన్ను వెళ్ళమనలేదండీ. టైముందిలే, కాస్త ఆగు, బూట్లు వెతుకుదాం అన్నారు. నేనే మిమ్మల్ని వదిలేసి వెళ్ళాను. ఏడవలేదు, వెనక్కి చూడనూ లేదు."

పోనీ, తలుపు దగ్గర నన్ను చూశావు కదా అన్నాను.

"చూడలేదు. చూసుంటే ఆపేసేదాన్ని. మీరు లేరనుకున్నాను కాబట్టే అంతసేపు మాట్లాడగలిగాను."